పిల్ల మోచేయి చూశాకే రాకెట్ గట్టింగ్ చేశాడు

మా అమ్మాయికి 14 ఏళ్లు, టెన్నిసే ప్రాణం. ఈ వయసులో మోచేయి నొప్పి అంటే నాకు భయం. 1979లో 16 ఏళ్లకే యూఎస్ ఓపెన్ గెలిచిన ట్రేసీ ఆస్టిన్ ఆటను వెన్నునొప్పి ఎంత దెబ్బతీసిందో మరి!

ఇంతకుముందు వేరేచోట గట్టింగ్‌కి (రాకెట్‌కు తీగలు బిగించడానికి) ఇస్తే, ఏమీ అడక్కుండా గట్టి పాలియెస్టర్ తీగ 56 పౌండ్ల బిగువుతో వేశారు. బంతి తగిలిన ప్రతిసారీ అదురు నేరుగా చేతికే. ఈ షాపతను ముందు పిల్లతో మాట్లాడాడు, నొప్పి ఎక్కడో వేలితో చూపించమన్నాడు. మెత్తటి మల్టీఫిలమెంట్ (సన్నటి పోగులు కలిపి చేసిన తీగ) వేసి టెన్షన్, అంటే బిగువు, 50 పౌండ్లకు తగ్గించాడు. పాత తీగలు కత్తిరిస్తూ, ఒరుసుకుని గాడి పడినచోటు పిల్లకే చూపించాడు.

రెండు నెలలైంది, రాత్రిళ్లు ఐస్ ప్యాక్ అడగడం లేదు. స్పిన్ కాస్త తగ్గింది, తీగ త్వరగా పీచు లేస్తోంది. పర్వాలేదు, మళ్లీ వేయిస్తాను. టోర్నీ ముందు మాత్రం రెండు రోజులు ఆలస్యం చేశాడు, చాలా కంగారుపడ్డాం.