గ్రీన్‌పీస్ ఓడా, సీ షెపర్డ్ ఓడా: స్వచ్ఛందంగా వెళ్లేవారికి ఏది మేలు?

పర్యావరణం కోసం పోరాడే ఓడలో కొన్ని నెలలు పనిచేయాలనుకునేవారు ముందుగా చూసే సంస్థలు రెండు. 1971లో అలాస్కాలోని అమ్చిట్కా దీవి వద్ద అమెరికా తలపెట్టిన అణుపరీక్షను అడ్డుకోవడానికి వాంకూవర్ నుంచి చేపల పడవలో బయలుదేరినవారితో గ్రీన్‌పీస్ మొదలైంది. తొలినాళ్లలో అందులోనే పనిచేసిన పాల్ వాట్సన్, పోరాట పద్ధతుల విషయంలో విభేదించి 1977లో బయటికి వచ్చి సీ షెపర్డ్‌ను స్థాపించారు.

గ్రీన్‌పీస్ ఓడల్లో ఎక్కువమంది జీతం తీసుకునే వృత్తి నావికులు. స్వచ్ఛంద సేవకులకు దొరికే స్థానాలు కొద్ది. మంటలార్పడం, ప్రథమ చికిత్స, నీటిలో ప్రాణం నిలుపుకోవడం నేర్పే భద్రతా శిక్షణ పూర్తిచేసినవారికే అక్కడ అవకాశం ఎక్కువ. ఓడపనినే జీవనోపాధిగా ఎంచుకోదలచినవారికి నేను ఈ దారినే సూచిస్తాను. అయితే ఇది నిరపాయమైనదని మాత్రం అనుకోకూడదు. 1985 జూలైలో ఆక్లాండ్ రేవులో ఫ్రెంచి గూఢచారులు గ్రీన్‌పీస్ ఓడ రెయిన్‌బో వారియర్‌ను పేల్చివేసినప్పుడు ఫొటోగ్రాఫర్ ఫెర్నాండో పెరీరా మరణించారు. 2013లో ఆ సంస్థ మరో ఓడ ఆర్కిటిక్ సన్‌రైజ్‌లోని 30 మందిని రష్యా నిర్బంధించింది.

సీ షెపర్డ్ ఓడలను నడిపించేది ప్రధానంగా స్వచ్ఛంద సేవకులే. జీతం ఉండదు, తిండీ పడకా ఉంటాయి. సముద్రం ఎరుగనివారికి కూడా వంటగదిలోనో, డెక్ మీదనో చోటు దొరుకుతుంది. ఆ పని ఎలాంటిదో 2014-15లో థండర్ అనే ఓడ కోసం జరిగిన వేట చెబుతుంది. అక్రమంగా చేపలు పట్టే ఆ ఓడను సీ షెపర్డ్ ఓడ బాబ్ బార్కర్ 110 రోజులు వెంటాడగా, వెనక మిగిలిన మరో ఓడ శామ్ సైమన్ సిబ్బంది థండర్ వదిలిపోయిన వలను దక్షిణ మహాసముద్రపు చలిలో, దాదాపు 72 కిలోమీటర్ల పొడవున, పైకి లాగారు. చచ్చి కుళ్లుతున్న టూత్‌ఫిష్ అనే పెద్ద చేపలను వల కన్నుల్లోంచి ఒక్కొక్కటిగా విడదీసి, లెక్కరాసి, వలను సాక్ష్యంగా భద్రపరచారు. తుప్పు గీకడం, రంగు వేయడం, అర్ధరాత్రి వాచ్ కాయడం వంటి రోజువారీ పనుల నడుమ ఇలాంటి రోజు వస్తే, చదువుకున్న సముద్రం వేరు, చేతికంటిన సముద్రం వేరు అని తెలుస్తుంది.

అందుకే అనుభవం లేకుండా, ఆరు నెలలు మాత్రమే తీరిక ఉన్న యువతకు సీ షెపర్డే మేలని నా అభిప్రాయం. జీతం లేని ఆ నెలల్లో ఇల్లు గడిచే దారి ముందే చూసుకోవాలి. మరో మాట, ఆ ఓడల్లో వంట పూర్తిగా వీగన్, అంటే మాంసం, గుడ్లు, పాలు ఏవీ ఉండవు. పెరుగన్నం లేనిదే భోజనం ముగియనివారు, నెయ్యి లేనిదే పప్పు దిగనివారు ఇంట్లోనే ఒక నెల మానేసి చూసుకుని దరఖాస్తు చేయడం మంచిది.