పాత షార్డనే కోసం వెళ్తే బోన్‌లో జేబుకి చిల్లు, షాబ్లీలో ప్రాణం లేచొచ్చింది

ఫ్రాన్స్‌లోని బర్గండీ వెళ్ళి పాత షార్డనే, అంటే ఆ పేరున్న ద్రాక్షతో చేసిన తెల్ల వైన్, రుచి చూడాలని ఉన్నవాళ్ళు ఒక్క పని మాత్రం చేయొద్దు. బోన్ పాత ఊళ్ళో రాతిమెట్లు దిగి, కొవ్వొత్తులు వెలిగించిన నేలమాళిగలో "పాత పంటల రుచి" అంటూ మనిషికి 58 యూరోలు తీసుకునే చోట కాలు పెట్టొద్దు. ముగ్గురం వెళ్ళాం, 174 యూరోలు. అందులో మా బావగారు కారు నడపాలి, ఫ్రాన్స్‌లో లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాల్ చేరిందంటే ఫైనే, కాబట్టి ఆయనకి గ్లాసే వద్దు అన్నాం. కుదరదట, లోపలికి దిగిన ప్రతి తలకీ అదే ధర. కావాలంటే నోట్లో పోసుకుని పుక్కిలించి పక్కనున్న గిన్నెలో ఉమ్మేయమని సలహా కూడా ఇచ్చారు. "ఉమ్మడానికి 58 యూరోలా?" అని ఆయన తెలుగులోనే గట్టిగా అడిగారు, ఆ తర్వాత రాత్రి భోజనం దాకా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

వైన్ బాగుంటే ఆ డబ్బు గురించి ఇంత రాసేవాణ్ణి కాదు. ఐదు గ్లాసులు పోశారు. సీసాలన్నీ ముందే తెరిచినవి, సగం కంటే తక్కువే ఉన్నాయి, మూతికి రబ్బరు బిరడాలు. ఎప్పుడు తెరిచారని అడిగితే "ఈమధ్యే" అన్నాడు పోసిన కుర్రాడు. 2012 పంట మెర్సో, అంటే బోన్ దగ్గరి ఊరి వైన్, ముదురు తేనె రంగులో ఉంది. పన్నెండేళ్ళు దాటిన షార్డనే బంగారు రంగులోకి వస్తుంది, అది మామూలే. కానీ గోధుమ ఛాయ తిరిగి, మెరుపు పోయి, గ్లాసులో చదునుగా కనిపించిందంటే అనుమానించాల్సిందే. ముక్కు దగ్గర పెట్టుకుంటే కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన. నోట్లో మొదట కాస్త తీపిలా తోస్తుంది, మధ్యలో ఏమీ లేదు, చివర చేదు. తర్వాత పోసిన 2009 పులిన్యీ ప్రీమియర్ క్రూ, అంటే ఆ పక్క ఊళ్ళో పై తరగతి తోటల వైన్, ఇంకా ఘోరం.

మా ఆవిడ వైన్ తాగదు, వాసన మాత్రం చూస్తుంది, ఆ విషయంలో మా ఇద్దరికంటే ఆమెదే గట్టి ముక్కు. ఆ పులిన్యీ గ్లాసు వాసన చూసి "ఏమండీ, ఇందులో మెంతుల వాసన వస్తోందేమిటి?" అంది. సరిగ్గా పట్టుకుంది. మెంతులకి ఆ వాసన ఇచ్చే సోటోలాన్ అనే పదార్థమే, తెల్ల వైన్ గాలి తగిలి వేళకి ముందే ముసలిదైనప్పుడు కూడా పుడుతుంది. స్పెయిన్ షెర్రీ లాంటి వైన్‌లో అది ఉంటే గొప్ప, కావాలనే తెచ్చుకుంటారు. పులిన్యీలో అది పైకి తేలిందంటే ఆ సీసా పని అయిపోయినట్టే.

ఈ మాటే కాస్త మర్యాదగా చెప్పి, వేరే సీసా తెరవగలరా అని అడిగాను. కుర్రాడు లోపలికి వెళ్ళి ఒక పెద్దావిడని తీసుకొచ్చాడు. ఆవిడ గ్లాసు ముట్టుకోలేదు, వాసన చూడలేదు. నవ్వుతూ "మీకు కొత్త వైన్ అలవాటు కాబోలు, పాతదంటే ఇలాగే ఉంటుంది, వాల్‌నట్, తేనె, ఇవన్నీ వయసు గుణాలు" అని పాఠం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది అక్కడే. పాత షార్డనేలో హేజెల్‌నట్, తేనె, వెన్న రాసి కాల్చిన రొట్టె, కొద్దిగా పుట్టగొడుగు, ఇవన్నీ వస్తాయి, నిజమే. కానీ వాటి కింద పులుపు ఇంకా నిటారుగా నిలబడి ఉండాలి, మింగాక రుచి కాసేపు నోట్లో సాగాలి. ఆ వెన్నెముక పోయాక మిగిలే వాల్‌నట్ వాసనకి వయసు అని పేరు పెట్టి అమ్మడం వ్యాపారం, అంతే. డబ్బు వాపసు లేదు, వేరే సీసా లేదు, బయటికి వచ్చేటప్పుడు మాత్రం పాత సీసాల ధరల పట్టీ చేతిలో పెట్టారు.

అసలు బర్గండీలో ఈ గొడవ కొత్తదేం కాదు, అందుకే వాళ్ళకి తెలియదంటే నేను నమ్మను. 1990ల మధ్య పంటలతో మొదలై, ఇరవయ్యేళ్ళు ఉంటాయనుకున్న ఖరీదైన తెల్ల వైన్లు ఏడెనిమిదేళ్ళకే గోధుమ రంగు తిరగడం జనం గమనించారు. ప్రీమాక్స్ అంటారు దీన్ని. ఒక్క కారణమే అని ఎవరూ తేల్చలేదు, కార్కుల నాణ్యత అన్నారు, గంధకం వాడకం తగ్గించడం అన్నారు, ద్రాక్షని మరీ సుతారంగా పిండే ప్రెస్సులు, పీపాలో మడ్డిని అతిగా కలపడం, ఇలా అన్నీ కలిసి దెబ్బకొట్టాయన్నారు. ఒకే పెట్టెలో పక్కపక్కనున్న రెండు సీసాల్లో ఒకటి అమృతంలా, ఇంకొకటి చచ్చిపోయి ఉండటం దీని లక్షణం. ఆ తర్వాత చాలామంది డియామ్ కార్కుకి మారారు, అది కార్కు పొడిని అధిక ఒత్తిడిలో కార్బన్ డయాక్సైడ్‌తో కడిగి అతికించి చేసేది. పులిన్యీలో పెద్ద పేరున్న దొమెన్ లెఫ్లేవ్ కూడా 2014 పంట నుంచి అదే వాడుతోంది. కాబట్టి 2014కి ముందువి కొనేటప్పుడు కొంచెం జూదమే, ఆ జూదానికి రుచి చూపించే చోట కూడా పూర్తి ధర వసూలు చేస్తే ఎలా?

బోన్‌లో మిగతా విషయాలు ఫర్వాలేదు. కోట గోడ లోపల గది రాత్రికి 134 యూరోలు, ఊరి పన్ను వేరే, టిఫిన్ మనిషికి 16, కారు పెట్టుకోవడానికి 15, ఏసీ లేదు, ఎండాకాలం అయితే మాత్రం నేను సిఫార్సు చేయను. 1443లో కట్టడం మొదలైన ఆసుపత్రి హోటెల్-ద్యూ రంగు పెంకుల కప్పు చూసి తీరాలి. మర్నాడు మెర్సో, పులిన్యీ తోటల మధ్య సైకిల్ దారిలో తిరిగాం, హాయిగా గడిచింది.

షాబ్లీ అక్కడి నుంచి మోటార్‌వే మీద గంటన్నర పైచిలుకు. బర్గండీ అనే పేరే కానీ బోన్‌కి ఉత్తరాన దూరంగా, చలి ఎక్కువ ఉండే చోటు, రైలు లేదు, కారు లేకపోతే ఓసేర్ దాకా రైల్లో వచ్చి టాక్సీ చూసుకోవాలి. ఇక్కడ షాబ్లీ పేరుతో వచ్చేదంతా షార్డనేనే, వేరే ద్రాక్ష ఉండదు. ఒక ఇంట్లో గది తీసుకున్నాం, టిఫిన్‌తో కలిపి 92 యూరోలు, కిటికీలోంచి సెరాన్ ఏరు, ఇంటావిడ చేసిన జామ్. బోన్‌లో జరిగింది వినగానే ఆవిడ ఫోన్ తీసి, నాలుగు అడుగుల దూరంలో ఉన్న ఒక ద్రాక్ష రైతుతో మాట్లాడి సాయంత్రం ఐదింటికి రమ్మన్నారని చెప్పింది. నడిచి వెళ్ళే దూరం అనేసరికి మా బావగారి ముఖం వెలిగిపోయింది, కారు తాళాలు బల్ల మీద పడేసి మరీ బయల్దేరారు.

రుచికి మనిషికి 12 యూరోలు, సీసాలు కొంటే అదీ లేదు. "చెల్లెమ్మ వాసనే చూస్తుంది, తాగదు" అని బావగారు ముందే జాగ్రత్తపడి చెబితే, ఆ రైతు మా ఆవిడ డబ్బు తీసుకోనే లేదు, పైగా ఆమె కోసం వేడివేడి గుజేర్లు, అంటే చీజ్ వేసి పొంగించిన ఉండలు, ఒక పళ్ళెం తెచ్చిపెట్టారు. మాంసం ముట్టని మనిషి కాబట్టి అప్పటిదాకా ఆమ్లెట్ల మీద బతుకుతోంది, ఆ పళ్ళెం ఖాళీ చేసింది.

పాతవి ఉన్నాయా అని అడిగితే కిందికెళ్ళి మూడు సీసాలు తెచ్చి మా కళ్ళ ముందే తెరిచారు. కార్కు పాతది కాబట్టి మామూలు స్క్రూ వాడకుండా, రెండు పలుచని రేకులున్న పనిముట్టుని కార్కుకి అటూ ఇటూ దించి మెల్లగా తిప్పుతూ లాగారు. మొదటిది 2014 మామూలు షాబ్లీ, ఓక్ పీపా మొహం చూడని, స్టీలు ట్యాంకులో చేసిన వైన్. ఇలాంటిది మూడు నాలుగేళ్ళలో తాగేయాలంటారు. రంగు ఇంకా లేతగా, అంచున పచ్చదనం. నిమ్మతొక్క, తడిసిన రాయి, కొంచెం తేనె. చివర్లో కాస్త ఎండిపోతోంది, ఇంకా దాచడం అనవసరం, కానీ చచ్చిపోలేదు. రెండోది 2010 మోంతే ద తొన్నేర్, ప్రీమియర్ క్రూ. పోయగానే అగ్గిపుల్ల గీసినట్టు వాసన, బావగారు ఇదీ పోయిందా అన్నట్టు నా వైపు చూశారు. ఆగమన్నాను. ఇరవై నిమిషాలకి ఆ పొగ వాసన పోయి హేజెల్‌నట్, నారింజ తొక్క, కొంచెం పుట్టగొడుగు, నోట్లో ఉప్పదనం, కింద పులుపు మాత్రం చెక్కుచెదరలేదు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా రుచి వదల్లేదు. ఈ మట్టిలో చిన్న చిన్న ఆల్చిప్పల శిలాజాలు ఉంటాయి, ఆ ఉప్పదనం వాటిదే అని ఊళ్ళో అందరూ చెబుతారు, అది నేను నమ్మను, అందులో ఎక్కువ పాత్ర చలిదీ పులుపుదీ అనుకుంటాను. ఏదైతేనేం, ఇంకో ఐదారేళ్ళు హాయిగా ఉంటుంది.

మూడోది 2003, ఐరోపా అంతా ఎండలకి మాడిపోయి ఆగస్టులోనే కోతలు మొదలైన ఏడాది. ఆయన ముందు తనే వాసన చూసి, తల అడ్డంగా ఊపి, "ఇది అయిపోయింది, ఎలా ఉంటుందో తెలియాలని పోస్తున్నా, అమ్మను" అన్నారు. బరువుగా, పులుపు లేకుండా, ఉడికిన ఆపిల్‌లా ఉంది. మా ఆవిడ మళ్ళీ మెంతులే అంది. ఆయనకి ఫ్రెంచ్‌లో మెంతుల పేరేమిటో నేను చెప్పలేక ఫోన్‌లో బొమ్మ చూపిస్తే, నవ్వి అవునన్నారు.

ఈ రెండు చోట్లా చూసినదాన్ని బట్టి నా సలహా. గ్లాసు ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఇస్తే తాగొద్దు, చలి తప్పుల్ని దాస్తుంది, పాత షార్డనేకి 12 నుంచి 14 డిగ్రీలు చాలు. మీ ముందే తెరవమనండి, లేదంటే ఎప్పుడు తెరిచారో చెప్పించుకోండి. కొనేముందు సీసా మెడలో వైన్ ఎక్కడిదాకా ఉందో చూడండి, భుజం దాకా దిగిపోతే వదిలేయండి. వాసన తేడాగా ఉందనిపిస్తే వెంటనే తీర్పు చెప్పకండి, అగ్గిపుల్ల వాసన గాలి తగిలితే పోతుంది, ఆపిల్ కుళ్ళిన వాసన గాలి తగిలేకొద్దీ ఎక్కువవుతుంది, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్కు జబ్బు, వయసుతో సంబంధం లేదు, సీసా మార్చమని అడిగే హక్కు మీకుంది.

ఆ రాత్రి ఊళ్ళో ఒక చిన్న బిస్ట్రోలో ముదిరిన కోంతే చీజ్‌తో 2012 గ్రాండ్ క్రూ, అంటే అన్నిటికంటే పై తరగతి షాబ్లీ, గ్లాసు 19 యూరోలు, నిజంగా ఎక్కువే, కానీ బోన్‌లో తీసుకున్న దాంట్లో మూడో వంతు. నీళ్ళు కుళాయివి కూజాలో ఉచితంగా ఇస్తారు, అడగాలి అంతే, అడగకపోతే సీసా నీళ్ళకి 6 యూరోలు వేస్తారు.

2010 మోంతే ద తొన్నేర్ సీసా 46 యూరోలు. నేను రెండు తీసుకున్నాను. బావగారు మాత్రం ఆ మామూలు 2014 షాబ్లీయే కావాలని పట్టుబట్టి 22 చొప్పున మూడు తీసుకున్నారు, ఎండిపోతోంది, దాచుకోవద్దు అని ఆ రైతు చెప్పినా, నేను చెప్పినా వినలేదు. దాచేదెవరు, వచ్చే ఆదివారానికే తెరుస్తాను అన్నారు. అన్నట్టు ఆదివారాల్లోనూ, మిగతా రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకానూ అక్కడ చాలా సెల్లార్లు మూసే ఉంటాయి, ముందుగా ఫోన్ చేసి వెళ్ళండి.