ఊరికో మూడు నెలలు, పాపతో కలిసి

పాపకు మూడేళ్లు నిండగానే హైదరాబాద్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి ఊరూరా కాపురం మొదలుపెట్టాం. మైసూరు, ఫోర్ట్ కొచ్చి, హిమాచల్‌లోని బీర్, మళ్లీ మైసూరు. ఇప్పుడు పాపకు ఆరు దాటాయి. ఇద్దరివీ ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగాలు కాబట్టి కుదిరింది.

ఒక ఊళ్లో నెలకంటే తక్కువ ఉండేటట్లయితే ఈ పద్ధతి దండగ. కొత్తచోట మొదటి వారమంతా పాపకు నిద్ర పట్టదు, అన్నం సహించదు, అన్నిటికీ పేచీయే. రెండో వారానికి పాల దుకాణం దారి తెలుస్తుంది. మూడో వారంలో ఎదురింటి అవ్వ పిలిచి అరటిపండు పెడుతుంది. సరిగ్గా అప్పుడు పెట్టె సర్దితే ఏం లాభం? ఊరికి మూడు నెలలని నిర్ణయించుకున్నాకే అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. నెలల లెక్కన మాట్లాడుకుంటే అద్దె కూడా బాగా దిగివస్తుంది.

కొచ్చిలో సాయంత్రాలు చీనవలల దగ్గరే గడిచేవి, అంటే ఒడ్డున నిలబెట్టిన పెద్ద చేపల వలలు. పొడవాటి దూలానికి ఒక కొసన వల, రెండో కొసన తాళ్లకు వేలాడే బండరాళ్లు. నలుగురైదుగురు తాళ్లు లాగితే రాళ్లు కిందికి, వల పైకి. చాలా రోజులు చూసి చూసి, ఒకనాడు పాప గదిలో చీపురుకర్రకు ఒకవైపు చున్నీ, మరోవైపు చెప్పులు కట్టి అదే పని చేయించింది. తన చెప్పుల బరువు చాలక వాళ్ల నాన్న బూట్లు తెచ్చుకుంది. ఆ బూట్ల కోసం ఆయన మర్నాడు ఇల్లంతా వెతికారు.

ఇబ్బందులూ తక్కువేమీ కావు. బీర్‌లో రాత్రి జ్వరం వస్తే పిల్లల డాక్టరు కోసం పాలంపూర్ దాకా టాక్సీలో వెళ్లాం. అమ్మమ్మ దగ్గర లేదు కనుక మా ఇద్దరికీ విడిగా గంటసేపు దొరకడం గగనమే. ఐదేళ్లు నిండితే పనులన్నీ ఒకేసారి మీద పడతాయి: ఆధార్‌లో వేలిముద్రలు, డీపీటీ బూస్టర్ టీకా, రైల్లో బెర్త్ కావాలంటే పెద్దవాళ్ల ఛార్జీ. టీకాల కార్డు ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి.

అసలు చిక్కు స్నేహితులతో. నాలుగేళ్లప్పుడు ఎవరితోనైనా ఆడుకునేది. బీర్ వదిలాక మాత్రం అక్కడి నేస్తం కోసం వారాల తరబడి అడిగింది. వీడియో కాల్‌లో ఇద్దరూ మాటలు రాక బొమ్మలు చూపించుకునేవారు. చదువుకు ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ప్రాథమిక కోర్సు ఉంది, దాని ‘ఏ’ స్థాయి మూడో తరగతికి సమానం. తోటిపిల్లల్ని ఏ కోర్సూ ఇవ్వదు. అందుకే ఈ జూన్‌లో మైసూరులోనే బడిలో వేస్తున్నాం.

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలున్నవారు మాత్రం ధైర్యంగా బయల్దేరవచ్చు. కుక్కర్ మరవకండి. అద్దె వంటిళ్లలో గాజు గ్లాసులు వరసగా పేర్చి ఉంటాయి గాని పప్పు ఉడికే గిన్నె ఒక్కటీ కనబడదు.