ఇంట్లో కడుక్కోవడానికి ఏ నలుపు తెలుపు సినిమా రీలు మంచిది: ఆరేళ్ల వాడకం తర్వాత

మాది పర్లాకిమిడి. నాన్నగారి ఫోటో స్టూడియో మూతపడి చాలా ఏళ్లయినా డార్క్‌రూమ్ సామాను మాత్రం పారేయలేదు. ఆరేళ్ల కిందట ఒక పాత సూపర్ 8 కెమెరా, అంటే ఎనిమిది మిల్లీమీటర్ల ఫిల్మ్‌తో నడిచే ఇంటి సినిమా కెమెరా, చేతికి రావడంతో ఆ గది తాళం తీశాను. అప్పటినుంచి ముప్పై ఎనిమిది రీళ్లు ఇంట్లోనే కడిగాను, అంటే రసాయనాలతో డెవలప్ చేశాను. అందులో ఎక్కువ కొడాక్ ట్రై-ఎక్స్, తర్వాత ఫోమాపాన్ ఆర్100, కొద్దిగా ఆర్వో యూఎన్54. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ట్రై-ఎక్స్ కొనండి, మొదటి మూడు నాలుగు రీళ్లు నెగెటివ్‌గానే కడగండి.

నిజానికి ట్రై-ఎక్స్ 7266 రివర్సల్ ఫిల్మ్. పద్ధతి ప్రకారం కడిగితే నేరుగా ప్రొజెక్టర్‌లో వేసుకునే పాజిటివ్ బొమ్మ వస్తుంది. కానీ దానికి ఘాటైన మొదటి డెవలపర్ (బొమ్మని తేల్చే రసాయనం), ఆ మొదటి బొమ్మని కరిగించే బ్లీచ్, బ్లీచ్ మరక పోవడానికి సల్ఫైట్, తర్వాత ఫిల్మ్‌కి వెలుతురు చూపించడం, రెండో డెవలపర్, బొమ్మని నిలబెట్టే హైపో, మధ్యమధ్యలో నీళ్లతో కడగడం అన్నీ కావాలి. ఎక్కడ తప్పు జరిగిందో కూడా కొత్తవాళ్లకి తెలియదు. నెగెటివ్‌కైతే డి-76 అనే డెవలపర్, నీళ్లు, హైపో, మళ్లీ నీళ్లు, అంతే. స్కాన్ చేశాక కంప్యూటర్‌లో నలుపుని తెలుపుగా తిప్పుకోవచ్చు. వెలుతురు అంచనా కాస్త ఎక్కువైనా నెగెటివ్ తట్టుకుంటుంది, రివర్సల్ అర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) తేడాకే పాలిపోతుంది. ఒక కార్ట్రిడ్జ్‌లో ఉండేది 15 మీటర్లు, అంటే 3600 ఫ్రేములు. సెకనుకి 18 చొప్పున తీస్తే మూడు నిమిషాల ఇరవై సెకన్లు. విదేశం నుంచి తెప్పించుకున్న ఆ మూడు నిమిషాల్లో ఏదో ఒక బొమ్మ కనబడితేనే రెండో రీలు కొనాలనిపిస్తుంది.

రసాయనాల కంటే కార్ట్రిడ్జ్ పగలగొట్టడమే అసలు కష్టం. కెమెరాలోంచి తీశాక ఫిల్మ్‌ని వెనక్కి చుట్టడానికి వీలుండదు. చీకట్లో ప్లాస్టిక్ డబ్బా విరగ్గొట్టి చుట్టని బయటికి తీయాల్సిందే. ఎర్ర బల్బు కూడా పనికిరాదు, అది ప్రింటు కాగితానికే. ఈ ఫిల్మ్ ఎరుపుని కూడా చూస్తుంది. నేను రాత్రి పదకొండు దాటాక, వీధి దీపం పడని సామాన్ల గదిలో, తలుపు సందుల్లో దుప్పటి కుక్కి కూర్చుంటాను. అతుకు దగ్గర స్క్రూడ్రైవరు పెట్టి మెల్లగా తిప్పితే టక్కుమని విడిపోతుంది. ఆ ప్లాస్టిక్ ముక్కలన్నీ ఏరి పక్కన పెట్టాకే ఫిల్మ్ ముట్టుకోవాలి, లేదంటే అవే గీతలు పెడతాయి. ఎమల్షన్, అంటే బొమ్మ పట్టే పూత, ఏ వైపుందో తెలియకపోతే చివర ఒక అంగుళం పెదవికి ఆనించి చూడండి, అటువైపు కొద్దిగా అంటుకుంటుంది. తర్వాత లోమో ట్యాంకు స్పైరల్‌లోకి, అంటే చుట్లు ఒకదానికొకటి తగలకుండా పట్టుకునే చక్రంలోకి, ఎక్కించడం. ఇది పాత రష్యా ట్యాంకు, నేను సెకండ్ హ్యాండ్‌లో తెప్పించాను. స్పైరల్ మీద చుక్క తడి ఉన్నా ఫిల్మ్ ముందుకి కదలదు. వానాకాలంలో చెయ్యి చెమట పట్టినా అంతే. మా మేనల్లుడు మొదటి రీలు కడిగి బయటికి తీసి, "ఇదేటి మావయ్యా, మధ్యలో మీగడ రంగు మచ్చలు?" అన్నాడు. రెండు చుట్లు ఒకదానికొకటి అతుక్కున్నచోట డెవలపరూ చేరలేదు, హైపో కూడా చేరలేదు. వాడికి ఆ పాడైన ఫిల్మే ఇచ్చి, కళ్లు మూసుకుని పదిసార్లు ఎక్కించమన్నాను. రెండో రీలు శుభ్రంగా వచ్చింది. మీరు కూడా మొదటి కార్ట్రిడ్జ్‌కి ముందు పనికిరాని ఫిల్మ్ ముక్క ఏదైనా సంపాదించి పట్టపగలు సాధన చేయండి.

ఇక ఫోమాపాన్ ఆర్100. చెక్ దేశంలో తయారవుతుంది, స్పీడు (వెలుతురుని పట్టే చురుకు) 100. నాన్నగారి కీ తిప్పే స్టాండర్డ్ 8 కెమెరాకి నేను వేసేది ఇదే. 16 మిల్లీమీటర్ల వెడల్పు ఫిల్మ్‌ని రెండుసార్లు నడిపి, కడిగాక మధ్యకి చీల్చాలి. దీని తెలుపుల్లో ఉండే మెరుపు నేను వేరే ఫిల్మ్‌లో చూడలేదు. ప్రొజెక్టర్‌లో వేసి గోడ మీద చూస్తే తులసికోట పక్కన అమ్మ కట్టుకున్న తెల్లచీర మడతలు కూడా విడివిడిగా కనబడతాయి. అయినా కొత్తవాళ్లకి వద్దంటాను. ఇందులో ఎమల్షన్‌కీ దాని కింది ప్లాస్టిక్ బేస్‌కీ మధ్య సన్నని వెండి పొర ఒకటి ఉంటుంది. రివర్సల్ బ్లీచ్‌లోనే అది పోతుంది. నెగెటివ్‌గా కడిగితే ఆ పొర అలాగే ఉండిపోయి రీలంతా మసకేస్తుంది. అంటే ఈ ఫిల్మ్ కొన్నరోజే బ్లీచ్ నేర్చుకోవాలి. నేను వాడే బ్లీచ్ పొటాషియం పర్మాంగనేట్, ఆమ్లం కలిపింది. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లని ఆమ్లంలో ఎప్పుడూ పోయకూడదు. డైక్రోమేట్ బ్లీచ్ బాగా పనిచేస్తుంది కానీ క్యాన్సర్ తెచ్చే విషం, పిల్లలున్న ఇంట్లో నేను పెట్టను. పర్మాంగనేట్‌తో ఇబ్బందేమిటంటే ఎమల్షన్‌ని మెత్తబరుస్తుంది. ఒక మే నెలలో తొందరపడి 31 డిగ్రీల నీళ్లతోనే కానిచ్చేశాను. బ్లీచ్ పారబోస్తుంటే పాల మీద మీగడలా బొమ్మంతా జారి ట్యాంకు అడుగుకి చేరింది. అందులో మా పెద్దమ్మ ఉంది, ఆవిడ్ని మళ్లీ తీసే అవకాశం రాలేదు.

ఆ తర్వాత వేసవిలో రివర్సల్ చేయడం మానేశాను. మా ఊళ్లో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున కొత్త కుండలో నీళ్లు 20, 21 డిగ్రీల దగ్గరుంటాయి. ఫోమా రీళ్లన్నీ ఫ్రిజ్‌లో దాచి అప్పుడు కడుగుతాను. నెగెటివ్‌కి అంత పట్టింపు అక్కర్లేదు. 24 డిగ్రీల్లో డి-76తో ఆరు నిమిషాలు నా ట్రై-ఎక్స్‌కి సరిపోతోంది. మీ నీళ్లు, మీ కెమెరా వేరు కాబట్టి రీలు చివర ఒక అడుగు పొడవు ముక్క కత్తిరించి ముందు దాన్ని కడిగి చూసుకోండి. డెవలపర్ 24లో ఉంటే హైపో, కడిగే నీళ్లు కూడా 24 దగ్గరే ఉండాలి. ఎండాకాలం హైపోలో పటిక కలిపిన రకం వాడండి, ఎమల్షన్ గట్టిపడుతుంది.

గ్రెయిన్, అంటే బొమ్మలో కనబడే రేణువుల గురించి చాలామంది భయపెడతారు. సూపర్ 8 ఫ్రేము 5.8 × 4 మిల్లీమీటర్లే, కాబట్టి ట్రై-ఎక్స్‌లో గ్రెయిన్ కదులుతూ కనబడుతుంది. నాకది ఇష్టం. పగటి వెలుతురులో దీని స్పీడు 200, బల్బు వెలుతురులో 160. రథయాత్ర నాడు మబ్బు పట్టి చినుకులు పడుతున్నా రథం తాళ్లు, లాగేవాళ్ల చేతులు చక్కగా వచ్చాయి. ఆ వెలుతురులో ఫోమా అయితే నల్లబడేది. అదే గోపాల్‌పూర్ బీచ్‌లో మిట్టమధ్యాహ్నం తీస్తే ట్రై-ఎక్స్‌కి వెలుతురు మరీ ఎక్కువ. సెకనుకి 18 ఫ్రేముల దగ్గర షట్టర్ నలభయ్యో వంతు సెకనే కాబట్టి లెన్సు రంధ్రాన్ని ఎఫ్16కి మూసినా చాలదు, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టాల్సిందే. కెమెరాలో నారింజ ఫిల్టర్ స్విచ్ ఉంటే బల్బు గుర్తు వైపు తిప్పండి. ఆ ఫిల్టర్‌ని రంగుల ఫిల్మ్ కోసం పెట్టారు.

యూఎన్54 స్పీడు 100. నెగెటివ్‌గానూ రివర్సల్‌గానూ కడగొచ్చు, తప్పుల్ని ఓర్చుకుంటుంది. 16 ఎంఎం కెమెరా ఉన్నవాళ్లు దీంతోనే మొదలుపెట్టొచ్చు. కాకపోతే 30 మీటర్ల చుట్ట నా ట్యాంకులో పట్టదు, చీకట్లో రెండు ముక్కలు చేసుకోవాలి. ఇన్‌స్టంట్ కాఫీ, చాకలి సోడా, విటమిన్ సి కలిపి కూడా రెండు రీళ్లు కడిగాను. బొమ్మ వచ్చింది గానీ గోధుమరంగు మరకతో వచ్చింది. మొదటి రీలుకి ఆ ప్రయోగం వద్దు.

హైపోలో ఫిల్మ్ మీది పాలతెలుపు పోవడానికి ఎంతసేపు పట్టిందో అంతసేపు మళ్లీ ఉంచండి. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది, బావి పక్కన పారబోయకండి. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి ఆఖరి ముంపు ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో, చుక్క షాంపూ కలిపి. తర్వాత గదిలోనే దండేనికి మెలికలు మెలికలుగా వేసి, ఫ్యాన్ ఆపి, తలుపు మూసి ఆరబెడతాను. వరండాలో ఆరేస్తే దుమ్మంతా దాని మీదే. హైపో తర్వాత నీళ్లతో కడగడం మాత్రం, నీళ్లు మారుస్తూ, అరగంట. హైపో మిగిలిపోతే ఏళ్లు గడిచాక పసుపు మరకలొస్తాయి. నాన్నగారు కడిగిన ఒక రీలులో నౌపడా నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలు మా స్టేషన్లో ఆగుతుంది. ఆ చిన్న లైను (నేరోగేజ్) 2004లో మూసేశారు. రీలులో పొగ ఇంకా తెల్లగానే ఉంది, ఒక్క పసుపు మరక లేదు.