కారు వాటర్ పంపులు: వాడి చూశాక ఏవి నిలిచాయి, ఏవి కారాయి

ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని (కూలెంట్) తిప్పేది వాటర్ పంపు. దాన్ని కొనడానికి వెళ్లినవాళ్లు ముందుగా ఆ ద్రవాన్ని తోసే చక్రం (ఇంపెల్లర్) రెక్కలు చూస్తారు, లోహమా ప్లాస్టిక్కా అని అడుగుతారు. రకరకాల పంపులు చాలాకాలం వాడి, పాడైనవాటిని విప్పి చూస్తే తేలేది వేరు. రెక్కలు విరిగి పోయిన పంపులు తక్కువ. సీలు కారి, బేరింగు అరిగి పోయినవే ఎక్కువ. ఆ రెంటినీ చెడగొట్టేవి చాలాసార్లు పంపు బయటే ఉంటాయి: కూలెంట్, రేడియేటర్ మూత, బెల్టు బిగువు. అందుకే ఇక్కడ వాటి ప్రస్తావనా వస్తుంది.

లోపల ఉండేది కొంచెమే. ఒక షాఫ్టు, దాని ఒక కొసన పుల్లీ, రెండో కొసన ఇంపెల్లర్, మధ్యలో బేరింగు. బేరింగు వైపు కూలెంట్ రాకుండా మెకానికల్ సీలు. ఈ సీలులో అద్దంలా నునుపు చేసిన రెండు ముఖాలు ఉంటాయి, ఎక్కువగా ఒకటి కార్బన్, ఇంకొకటి సిరామిక్ లేదా సిలికాన్ కార్బైడ్. స్ప్రింగు నొక్కుతుంటే ఒకదానికొకటి ఆనుకుని తిరుగుతాయి. వాటి మధ్య ఉండే పల్చటి కూలెంట్ పొరే వాటికి చలువ, అదే కందెన. కూలెంట్ లేకుండా బండి కాసేపు నడిచినా ఆ ముఖాలు కాలి గీతలు పడతాయి. అప్పటికి ఏమీ కాలేదనిపించినా, కొన్నాళ్లకు కారడం మొదలయ్యేది అక్కడే.

సీలు దాటి వచ్చిన తడి బేరింగులోకి పోకుండా హౌసింగ్ అడుగున సన్నటి కన్నం ఒకటి ఉంటుంది. వీప్ హోల్ అంటారు. పంపు ఆరోగ్యం తెలియాలంటే ముందు చూడాల్సింది ఇదే. దాని చుట్టూ పొడి చార, కాస్త రంగు మరక ఉంటే కంగారు అక్కర్లేదు, మంచి సీలు కూడా కొద్దిగా ఆవిరి వదులుతుంది. చుక్క వేలాడుతున్నా, కింది దాకా తడి గీత దిగినా, తెల్లగానో గులాబీగానో పచ్చగానో ఉప్పులా గడ్డకట్టినా సీలు పోయినట్టే. ఆ కన్నాన్ని సిలికాన్ పెట్టి మూసేవాళ్లున్నారు. అలా చేస్తే కూలెంట్ తిన్నగా బేరింగులోకి దిగి గ్రీజును కడిగేస్తుంది. కారే పంపు కాస్తా పట్టేసే పంపు అవుతుంది.

చప్పుడు రెండో సూచన. బేరింగు అరిగితే ఇంజిన్ వేగంతో పాటు పెరిగే గరగర, లేదా సన్నటి కూత వినిపిస్తుంది. బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్, బెల్టును బిగించే టెన్షనర్, బెల్టుకు దారి చూపే ఐడ్లర్ పుల్లీ కూడా ఇలాగే అరుస్తాయి కాబట్టి చెవిని నమ్మి పంపు కొనొద్దు. ఇంజిన్ ఆపి, బెల్టు తీసి, పంపు పుల్లీని గడియారంలో 12, 6 ఉండే చోట్ల పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. చేతికి తెలిసేంత లూజు ఉండకూడదు. నెమ్మదిగా తిప్పితే ఒకే బరువుతో తిరగాలి. ఎక్కడైనా గరుకు తగిలినా, పట్టి వదిలినట్టున్నా బేరింగు అయిపోయింది. పంపు టైమింగ్ బెల్టు (వాల్వులు, పిస్టన్లు లయ తప్పకుండా నడిపే బెల్టు) కవరు లోపల ఉంటే ఈ పరీక్ష కుదరదు, కవరు కింది అంచున తడి, బెల్టు మీద కూలెంట్ చార చూసుకోవాలి.

ఇంజిన్ వేడెక్కడం దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. బండి నిలబడి ఉన్నప్పుడు గేజి పైకి పోయి, కదలగానే దిగుతుంటే అది సాధారణంగా ఫ్యాన్ సమస్య. వేగంగా పోతున్నప్పుడు వేడెక్కితే రేడియేటర్ పూడుకుపోవడం, పంపు ప్రవాహం తగ్గడం, కింది హోస్ పైపు లోపలికి పీక్కుని నొక్కుకుపోవడం, ఈ మూడింటినీ చూడాలి. కింది పైపు పంపు పీల్చే వైపు ఉంటుంది. అది మెత్తబడితే ఇంజిన్ వేగం పెంచినప్పుడు కంటికి కనిపించేలా చదును అవుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కినా పై పైపు చల్లగా ఉంటే థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకోలేదని ముందుగా అనుమానించండి. ఐడిల్‌లో హీటర్ గాలి చల్లబడి, యాక్సిలరేటర్ తొక్కితే మళ్లీ వేడిగా వస్తుంటే కూలెంట్ తక్కువైనా ఉండాలి, గాలి చిక్కుకునైనా ఉండాలి, లేదా ఇంపెల్లర్ పనిచేయకపోవడమైనా అయ్యుండాలి. మొదటి రెండూ కాదని తేలాకే మూడోది.

కూలెంట్ తగ్గుతోంది కానీ ఎక్కడా తడి లేదంటే ప్రెషర్ టెస్టర్ వాడాలి. ఇంజిన్ చల్లగా ఉండగా, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి మేరకే గాలి కొట్టండి. చాలా కార్లకు అది 0.9 నుంచి 1.1 బార్, కొన్ని ఎక్స్‌పాన్షన్ ట్యాంకులకు (వేడికి పెరిగిన కూలెంట్ చేరే ట్యాంకు) ఇంకా ఎక్కువ. 15 నిమిషాలు ముల్లు కదలకుండా ఉండాలి. కొన్ని సీళ్లు చల్లగా ఉన్నప్పుడే కారి, వేడెక్కాక మూసుకుంటాయి. అందుకే రాత్రంతా నిలిపిన బండి మీద చేసిన పరీక్షకే విలువ ఎక్కువ. ట్యాంకులో ఆగకుండా బుడగలు, వదలని తెల్లటి పొగ, ఆయిల్ మూత కింద పాలమీగడ లాంటి తెట్టు కనిపిస్తే పంపు వదిలేసి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైన ఉండే హెడ్డుకూ మధ్య సీలు) వైపు చూడండి. ఒక మినహాయింపు ఉంది: కొన్ని ఇంజిన్లలో పంపు టైమింగ్ చైన్‌తో నడుస్తూ లోపలే ఉంటుంది. అక్కడ సీలు పోతే కూలెంట్ ఇంజిన్ ఆయిల్ నిలిచే సంపులోకే దిగవచ్చు.

ఇక ఏది కొనాలి. కారు కంపెనీ పెట్టెలో వచ్చే పంపునీ, ఆ కంపెనీకి పంపులు చేసిచ్చే తయారీదారు తన సొంత పేరుతో అమ్మే పంపునీ పక్కపక్కన పెడితే చాలాసార్లు పోతపోసిన గుర్తుల దగ్గర తప్ప తేడా దొరకదు. వాడకంలోనూ తేడా కనబడలేదు. నా ఓటు రెండోదానికే. టైమింగ్ బెల్టుతో నడిచే పంపు అయితే బెల్టు, టెన్షనర్, ఐడ్లర్, పంపు కలిపి ఒకే కిట్టుగా తీసుకోవడం మేలు. ఏదైనా తేడా వస్తే ఒకే తయారీదారు జవాబు చెప్పాలి. పైగా అక్కడ పంపు విలువ కన్నా విప్పి బిగించే కూలీ ఎక్కువ.

చవకరకం పంపులు తొలిరోజుల్లో బాగానే తిరుగుతాయి. వాటి లోపాలు తర్వాత ఒక్కొక్కటే బయటపడతాయి: పుల్లీని బిగించే పళ్లెం (ఫ్లాంజి) షాఫ్టుకు సరిగ్గా నిటారుగా లేకపోవడం, పుల్లీ లోతు అటూ ఇటూ అయ్యి బెల్టు అంచు అరిగిపోవడం, ఒంపు తిరగాల్సిన రెక్కలు చదునుగా ఉండి ఐడిల్‌లో ప్రవాహం చాలకపోవడం, రెక్కకూ హౌసింగ్ గోడకూ మధ్య సందు ఎక్కువ కావడం. అసలు గ్యాస్కెట్ రబ్బరు అంచున్న లోహపు రేకు అయినచోట పల్చటి కాగితం ముక్క ఇస్తారు. రీకండిషన్డ్ పంపుల జోలికి పోకపోవడమే మంచిది, ఓ-రింగు కూర్చునే గాడిలో తుప్పు గుంటలున్న పాత హౌసింగే తిరిగి వస్తుంది. కొత్తది దొరకని పాత ఇంజిన్లకు మాత్రం వేరే దారి ఉండదు.

ప్లాస్టిక్ ఇంపెల్లర్ మీద ఉన్న చెడ్డపేరు పాతతరం భాగాలది. అవి పెళుసెక్కి పగిలేవి, షాఫ్టు మీద వదులై పుల్లీ తిరుగుతున్నా తాము నిలిచిపోయేవి. ఇప్పుడు గాజు పోగు కలిపిన వేడి తట్టుకునే ప్లాస్టిక్‌తో చేసినవి తుప్పు పట్టవు, రెక్క ఆకారం కూడా మెరుగ్గా కుదురుతుంది. రేకుతో చేసిన ఇంపెల్లర్‌ను ఉత్త నీళ్ల మీద నడిపితే రెక్కలు తుప్పు తిని సగమవుతాయి. పదార్థం ఏదైనా కొనేటప్పుడు చేయాల్సిన పరీక్ష ఒకటే: పుల్లీని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని ఇంపెల్లర్‌ను రెండో చేత్తో తిప్పబోండి. రవ్వంత జారినా వెనక్కి ఇచ్చేయండి.

విద్యుత్ పంపుల సంగతి వేరు. 2009లో వచ్చిన మూడో తరం టొయోటా ప్రియస్ ఇంజిన్‌కు బెల్టే లేదు, వాటర్ పంపు మోటారుతో నడుస్తుంది. ఈ రకంలో బెల్టు లాగే బరువు బేరింగు మీద పడదు కానీ, పోయినప్పుడు ముందుగా కారడం, అరవడం వంటి హెచ్చరిక లేకపోవచ్చు. ఒక్కసారిగా వార్నింగ్ దీపం, వేడి. స్కానర్‌లో కోడు చూసి, కనెక్టరు దగ్గర కరెంటు వస్తోందో లేదో తేల్చుకున్నాకే పంపు మార్చాలి. గాలి తీయడానికి వీటికి ప్రత్యేక పద్ధతి ఉంటుంది, కొన్నింటికి స్కానర్ కావాలి.

మార్చే పని ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాకే. బ్యాటరీ నెగటివ్ తీసి, రేడియేటర్ కింది ప్లగ్ తెరిచి కూలెంట్ దింపండి. బ్లాకులో ఇంకా చాలా మిగిలే ఉంటుంది, పంపు ఊడగానే అది మీద పడుతుంది కాబట్టి కింద వెడల్పాటి పళ్లెం ఉంచండి. పుల్లీ బోల్టులను బెల్టు తీయకముందే వదులు చేయాలి. బెల్టు ఉండగా పుల్లీ నిలుస్తుంది, తీశాక చేతిలో తిరిగిపోతుంది. పంపు బోల్టులు ఒకే పొడవుండవు. అట్టముక్క మీద పంపు బొమ్మ గీసి ఏ కన్నం బోల్టు ఆ కన్నంలో గుచ్చండి. పొడవాటిది పొట్టి కన్నంలో బిగిస్తే అల్యూమినియం పగులుతుంది. పంపు అతుక్కుని రాకపోతే రబ్బరు సుత్తితో పక్కల తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి పైకెత్తితే ముఖం మీద గాటు పడుతుంది, కొత్త గ్యాస్కెట్ అక్కడినుంచే కారుతుంది.

పాత గ్యాస్కెట్ గీకడానికి ప్లాస్టిక్ గీకుడు బిళ్ల, ద్రావకం చాలు. గ్రైండరుకు తగిలించే రాపిడి బిళ్లలు వాడితే అల్యూమినియం పల్లమవుతుంది, రాలిన పొడి కొత్త సీలులోకి పోతుంది. ఓ-రింగును కూలెంట్‌తో తడిపి పెట్టండి. ఇంజిన్ ఆయిల్, గ్రీజు తగిలితే ఓ-రింగుకు వాడే ఈపీడీఎం రబ్బరు ఉబ్బుతుంది. గ్యాస్కెట్ వచ్చిన పంపుకు సిలికాన్ అక్కర్లేదు. సిలికానే వేయమని మాన్యువల్ చెబితే 2 నుంచి 3 మిల్లీమీటర్ల సన్నటి గీత, అంతే. లోపలికి పిండుకున్న తునకలు రేడియేటర్ గొట్టాల్లో ఇరుక్కుంటాయి, సీలు ముఖాల మధ్యకూ చేరతాయి. ట్యూబు మీద రాసినంత సేపు ఆరనివ్వాలి, చాలావాటికి పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు.

బోల్టు కన్నాల్లో కూలెంట్ నిలిచి ఉంటే గాలి కొట్టి ఆరబెట్టండి. అడుగు మూసుకుపోయిన కన్నంలో ద్రవం ఉండగా బోల్టు బిగిస్తే పోయే దారి లేక హౌసింగ్ చీలుతుంది. కూలెంట్ దారిలోకి తెరుచుకునే బోల్టుల మరలకు సీలెంట్ రాయాలి. ముందు అన్నీ చేత్తో, తర్వాత ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో టార్క్ రెంచితో. ఎం6 (6 మిల్లీమీటర్ల మందం) బోల్టులకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్లు, ఎం8కు 20 నుంచి 25 దాకా ఉంటుంది. మీ ఇంజిన్ మాన్యువల్ వేరే చెబితే దాని మాటే చెల్లుతుంది. షాఫ్టు మీద ఎక్కడా సుత్తి దెబ్బ పడకూడదు.

టైమింగ్ బెల్టు ఉన్నచోట క్రాంక్, క్యామ్ షాఫ్టుల గుర్తులు కలిపి లాకింగ్ పనిముట్లు పెట్టాకే బెల్టు తీయండి. కూలెంట్ తడిసిన బెల్టును మళ్లీ వేయొద్దు. బిగించాక క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూడాలి. పన్ను తప్పితే కొన్ని ఇంజిన్లలో వాల్వులు పిస్టన్‌కు తగలవచ్చు.

కూలెంట్ గాఢ ద్రావణమైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. చిన్న కార్లలో మొత్తం 4 నుంచి 6 లీటర్లు పడుతుంది. రంగు చూసి కొనొద్దు, రంగుకు ప్రమాణం లేదు. మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ సీసా మీద ఉందో లేదో చూడండి. పొసగని రకాలు కలిస్తే జిగురులా పేరుకోవచ్చు, లేదా తుప్పు ఆపే గుణం పోవచ్చు. కుళాయి నీటిలోని సున్నం వేడి గోడలకు పొరకట్టి, పెచ్చులుగా రాలి సీలును గీస్తుంది. కారుడు ఆపే పొడులు పంపు సీలును ఆపలేవు కానీ హీటర్ కోరును (కారు లోపలి గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) మాత్రం పూడుస్తాయి.

హీటర్ పూర్తి వేడిలో పెట్టి, బ్లీడ్ స్క్రూ ఉంటే తెరిచి, బుడగలు లేని ధార వచ్చేదాకా నిదానంగా పోయండి. ముందుచక్రాలు ఎత్తులో ఉంటే గాలి సులువుగా పైకొస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకుని, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడపండి. వేడిమీద మూత తీయకండి. చల్లారాక మట్టం చూసి నింపండి. కొత్త పంపు మొదటి కొద్ది నిమిషాల్లో వీప్ హోల్ నుంచి ఒకటి రెండు చుక్కలు వదలవచ్చు, సీలు ముఖాలు ఒకదానికొకటి కుదురుకునే సమయం అది. మర్నాడు కూడా తడి ఉంటే మాత్రం పంపులోనే లోపం.

పంపుతో పాటు రేడియేటర్ మూత మార్చండి, పాత థర్మోస్టాట్ అయితే అదీ. మూత స్ప్రింగు బలహీనపడితే వ్యవస్థలో ఒత్తిడి నిలవదు, కూలెంట్ తక్కువ వేడికే మరుగుతుంది, ఇంపెల్లర్ దగ్గర బుడగలు పుట్టి పగులుతూ రెక్కలనూ హౌసింగ్‌నూ గుంటలు గుంటలుగా తినేస్తాయి. బెల్టును చేత్తో బిగించే రకమైతే అతిగా బిగించకండి. కూత ఆగాలని ఇంకాస్త లాగితే బేరింగు ఆయుష్షు తగ్గుతుంది.

మార్చిన పంపు కూడా త్వరగా పోతే ఇంకో బ్రాండు కొనేలోపు మల్టీమీటరు తీయండి. నెగటివ్ మొనను బ్యాటరీ నెగటివ్‌కు ఆనించి, పాజిటివ్ మొనను రేడియేటర్ మెడలోని కూలెంట్‌లో లోహానికి తగలకుండా ముంచి, ఇంజిన్ ఆగి ఉండగా ఒకసారి, నడుస్తూ లైట్లు, ఫ్యాన్ వేసి ఉండగా ఇంకోసారి చూడండి. 0.1 వోల్టు లోపు ఉంటే సరే. 0.3 దాటితే ఇంజిన్ ఎర్తు తీగ వదులై కరెంటు కూలెంట్ గుండా పోతోందన్నా అనుకోవాలి, కూలెంట్ గుణం చెడి రసాయనంగా లోహాన్ని తింటోందన్నా అనుకోవాలి. ఏ వస్తువు ఆన్ చేస్తే అంకె పెరుగుతోందో చూస్తూ పోతే పాడైన ఎర్తు దొరుకుతుంది. అన్నీ ఆపినా అంకె తగ్గకపోతే కూలెంట్ పూర్తిగా దింపి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కొత్తది పోయాలి.