మోటారు ఆపి వినే ఐదు నిమిషాలు

మధ్యాహ్నం పూట రేడియోలో వచ్చే చిన్న సైన్సు కథలను హనుమకొండలోని నా టైలరింగ్ దుకాణంలో ఏళ్లుగా వింటున్నాను. ఎప్పుడు వస్తాయో, ఎంతసేపు ఉంటాయో ఇక్కడ రేడియో పెట్టుకునేవారందరికీ తెలుసు, ఆ సంగతులు వదిలేస్తున్నాను. నన్ను కట్టిపడేసినవి ఆ కథల్లోని చప్పుళ్లు. రాసేవారి భాష ఒక్కోసారి పాఠ్యపుస్తకంలా బిగుసుకుపోతుంది. అయినా మధ్యలో ఏ జంతువు గొంతో, ఏ అడవి సవ్వడో వినిపించే ఆ అర నిమిషం కోసం పెడల్ మీది నుంచి కాలు తీసేస్తాను. పెళ్లి జాకెట్లు కుప్పపడి ఉన్నప్పుడు మోటారు ఆపడమంటే ఏమిటో కుట్టుపని చేసేవారికి తెలుస్తుంది.

పిస్తోలు రొయ్య కథ అలాగే విన్నాను. అది చేసే టపాకాయ లాంటి శబ్దం డెక్క మూసుకుని కొట్టుకోవడం వల్ల వస్తుందని అంతకుముందు అనుకునేవారట. 2000లో అతివేగంగా బొమ్మలు తీసే కెమెరాతో చూస్తే, డెక్క మూసుకున్నప్పుడు దూసుకుపోయే నీటిలో ఒక బుడగ పుట్టి, అది చితికినప్పుడు ఆ శబ్దం వస్తోందని తేలింది. ముందు శబ్దం వినిపించి, తరువాత గుట్టు విప్పారు.

ఏనుగుల కథ ఇంకా బాగుంది. 1984లో కేటీ పేన్ అనే పరిశోధకురాలు అమెరికాలోని పోర్ట్‌లాండ్ జంతు ప్రదర్శనశాలలో ఏనుగుల దగ్గర ఉన్నప్పుడు, చెవికేమీ వినపడకపోయినా గాలిలో ఏదో అదురును గమనించారు. చిన్నతనంలో చర్చిలో పెద్ద ఆర్గాన్ పక్కన నిలబడితే ఒంటికి తగిలిన అదురు ఆమెకు గుర్తొచ్చింది. రికార్డు చేసి వేగం పెంచి వింటే మనిషి చెవికి అందని ఏనుగుల పిలుపులు బయటపడ్డాయి. ఆ రోజు కథ చెప్పినావిడ ముందుగానే అన్నారు, ఇది వేగం పెంచిన రికార్డు, అసలు శబ్దం మీకు వినపడదు అని. ఆ నిజాయితీ నాకు నచ్చింది. నచ్చింది కాబట్టే తరువాత జరిగినది మింగుడుపడలేదు.

టమాటా మొక్క కథ అది. ఆ పూట ధర్మసాగర్ వైపు నుంచి ఒక పెద్దావిడ కోడలి జాకెట్లు తీసుకెళ్లడానికి వచ్చి కూర్చుంది. కూరగాయలు పండించే మనిషి. "నీళ్లు లేక టమాటా మొక్క ఏడుస్తోంది, వినండి" అన్నారు రేడియోలో. టప్, టప్ మంటూ పేలాలు వేగుతున్నట్టు చప్పుడు. నేను ఉలిక్కిపడ్డాను. పెద్దావిడ మాత్రం కదలలేదు. "దాహమైతే ఆకు వాలుతుంది బిడ్డా, అది నాకు తెలుసు. ఇంత గట్టిగా చప్పుడు చేస్తే ఇన్నేళ్లలో నా చెవికి ఒక్కసారైనా పడదా?" అంది. నా దగ్గర జవాబు లేదు. రేడియో దగ్గరా లేదు, అప్పటికే పాట మొదలైంది.

రాత్రి మా అబ్బాయి ఫోనులో వెతికి చదివి వినిపించాడు. సంగతి నిజమే. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వారు 2023లో ప్రకటించారు. నీళ్లు అందని టమాటా, పొగాకు మొక్కలు గంటకు 30 నుంచి 50 దాకా చిటపటలు విడుస్తాయి, నీళ్లున్న మొక్క గంటకు ఒకటి కూడా విడవదు. ఆకు వాలి కంటికి కనబడేలోపే ఇది మొదలవుతుందట. పెద్దావిడకు చెప్పవలసిన ముక్క అదే! కానీ ఆ శబ్దాలు మనిషి చెవికి అందనంత కీచు స్థాయిలో ఉంటాయి. వాటిని మనకు వినబడే స్థాయికి దించి, మధ్య ఎడాన్ని కుదించి వినిపిస్తారు. నిమిషానికి ఒకటి కూడా రానిది రేడియోలో వరసగా పేలింది. ఏడుపు అనే మాటకూ ఆధారం లేదు. కాండంలో నీరు పైకెక్కే సన్నని గొట్టాల్లో గాలిబుడగలు పుట్టి పగలడం వల్ల అవి వస్తుండవచ్చని పరిశోధకుల ఊహ. రొయ్య బుడగ గురించి అంత ఓపికగా చెప్పినవారు మొక్క బుడగ దగ్గరికి వచ్చేసరికి కన్నీళ్లు ఎందుకు పెట్టించారో! పెద్దావిడ మళ్లీ వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. "అట్లా చెప్పవచ్చు కదా" అంది, అంతే.

అప్పటినుంచి చప్పుళ్లను కాస్త అనుమానంగా వింటున్నాను. డైనోసార్ల కథలో భీకరమైన గర్జన పెట్టారు. అది ఎక్కడి రికార్డు? ఎవరిది? ఆ గర్జనకు పట్టిన సమయంలో మన ప్రాణహిత, గోదావరి లోయ గురించి రెండు మాటలు చెప్పి ఉంటే బాగుండేది. అక్కడి యామన్‌పల్లి అనే ఊరి దగ్గర 800కు పైగా డైనోసార్ ఎముకలు దొరికాయి. ఆ జంతువుకు 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని ఊరి పేరు కలిపి పేరుపెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. మన నేల మీద తిరిగిన జంతువుకు ఐదు నిమిషాలు దొరకలేదు.

వినమంటానా అంటే, చేతులూ కళ్లూ పనిలో ఉండి చెవి ఖాళీగా ఉన్నవారికి ఇంతకంటే మంచి తోడు నాకు తెలియదు. పరీక్షలకు చదువుకునే పిల్లలకు చెప్పలేను, ఒకసారి వచ్చిన కథ మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు. మా అబ్బాయి అయితే రెండో నిమిషంలోనే లేచిపోతాడు. నా రేడియో చిన్నది, దాని స్పీకరులో మంద్రమైన శబ్దాలు సగం పోతాయి. మంచి స్పీకరు ఉన్నవారి అనుభవం వేరుగా ఉండవచ్చు. ఇక మాఘమాసం ముహూర్తాలు మొదలైతే నేనే వినను, మోటారు ఆపితే జాకెట్లు సమయానికి అందవు.