1/24 క్రాలర్‌ని 1/18 చేస్తామనే కిట్లతో జాగ్రత్త

ఆక్సియల్ ఎస్‌సీఎక్స్24 లాంటి బుల్లి క్రాలర్‌ని (రాళ్లెక్కే రిమోట్ కారు; 1/24 అంటే అసలు బండిలో 24వ వంతు) 1/18కి పెంచుకునే ‘ఫుల్ కన్వర్షన్ కిట్’ అని ఆన్‌లైన్లో కనిపిస్తే ఆర్డర్ పెట్టేముందు కాస్త ఆగండి. పేరూ ఊరూ లేని ప్యాకెట్లో వస్తున్న ఈ కిట్లో ఉండేవి పొడుగు చాసిస్ పట్టాలు రెండు, అల్యూమినియం లింకులు (యాక్సిల్‌ని చాసిస్‌కి కలిపే కడ్డీలు), పెద్ద టైర్లు నాలుగు, ఒక బాడీ. అంతే. ఫొటోలో మెరిసే పోర్టల్ యాక్సిల్స్ (చక్రాల దగ్గర అదనపు గేర్లున్న ఇరుసులు), డ్రైవ్ షాఫ్టులు (మోటారు తిప్పుడుని యాక్సిల్‌కి చేర్చే కడ్డీలు), షాకులు (కుదుపు తట్టుకునే స్ప్రింగులు) ‘చూపించడానికి మాత్రమే’నట! ఆ ముక్క వివరణ అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

స్కేలు కూడా చాలాసార్లు అబద్ధమే. అసలు బండి వీల్‌బేస్‌ని (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 18తో భాగిస్తే తేలిపోతుంది. నాలుగు తలుపుల జీప్ ర్యాంగ్లర్‌కి 3,008 మి.మీ., అంటే 1/18లో 167 రావాలి. పాత డిఫెండర్ 110కి 2,794, అంటే 155; 1/18 క్రాలరే అయిన ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్-4ఎం డిఫెండర్ వీల్‌బేస్ సరిగ్గా అంతే. ఎస్‌సీఎక్స్24 జీప్ సుమారు 134. కిట్ బిగించాక 145 దగ్గరే ఆగిపోతే అది సాగదీసిన 1/24 మాత్రమే.

అసలు దెబ్బ తగిలేది బరువు దగ్గర. కొలతలన్నీ 1.33 రెట్లు పెరిగితే ఘనపరిమాణం దాదాపు 2.4 రెట్లవుతుంది. పైగా 50 మి.మీ. టైరు తీసి 66 వేస్తే నేల మీద లాగే బలం పావు వంతు తగ్గిపోతుంది. బండితో వచ్చిన పాత 030 సైజు చిన్న మోటారు రాయి ఎక్కబోయి ఆగి, వేడెక్కి, బ్రష్‌లు కాల్చుకుంటుంది. సరే కదాని పెద్దదైన 180 సైజు మోటారు నేరుగా తగిలిస్తే ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) పొగలు కక్కుతుంది. ఇందులో ఈఎస్‌సీ, రిసీవర్ ఒకటే బోర్డు. ఒకటి పోతే రెండూ పోయినట్టే, కొత్త రిసీవర్‌కి తగ్గ రిమోట్ కూడా కొనాలి. పెద్ద సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు) పెట్టినా బోర్డు ఇచ్చే కరెంటు చాలదు. టైరు రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు స్టీరింగ్ తిప్పగానే వోల్టేజీ పడిపోయి బండి ఒక్క క్షణం చచ్చి మళ్లీ లేస్తుంటే కారణం అదే. సర్వోకి వేరే బీఈసీ (బ్యాటరీ నుంచి సరిపడా వోల్టేజీ ఇచ్చే చిన్న సర్క్యూట్) పెట్టాల్సిందే.

డ్రైవ్ షాఫ్టు చూడకుండా బిగించొద్దు. ఒకదానిలో ఒకటి జారే గొట్టం, కడ్డీలతో ఉంటుంది అది; వీల్‌బేస్ పెరిగినంతా ఆ జారుడు గొట్టమే సాగాలి. చక్రం పూర్తిగా కిందికి వేలాడదీసి చూడండి: లోపలి కడ్డీ అంచు మీదే నిలబడితే మొదటి గుంతలోనే ఊడి పడుతుంది, లేదా గాడులు అరిగి వట్టినే తిరుగుతుంది. పై లింకు, కింది లింకు పొడవులు పొంతన లేకుండా వచ్చినా యాక్సిల్ మెలి తిరిగి షాఫ్టు కోణం పాడవుతుంది.

పోర్టల్ యాక్సిల్ విడిగా కొనేవాళ్లు ఇప్పుడొకటి, తర్వాత ఇంకొకటి అనుకోకండి. పోర్టల్‌లో అదనపు గేర్లుంటాయి కాబట్టి ముందు, వెనక నిష్పత్తి వేరైపోతుంది. రెండు యాక్సిల్స్ ఒకదాన్నొకటి లాక్కుని చివరికి గేరు పళ్లు రాలతాయి.

అల్యూమినియంలోకి వెళ్లే ఎం2 (2 మి.మీ.) స్క్రూలకి నీలం థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) కొద్దిగా రాయండి. ప్లాస్టిక్‌కి మాత్రం తగలనివ్వద్దు, పగుళ్లు తెస్తుంది.

అమ్మేవాడిని చాట్‌లోనే అడగండి: బిగించాక వీల్‌బేస్ ఎంత, షాఫ్టులు వస్తాయా, వీల్ హెక్స్ (చక్రం కూర్చునే ఆరు పలకల ముక్క) 7 మి.మీ.యేనా, పెట్టెలో ఏమేం ఉంటాయి. జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

స్క్రూ గుర్తు పడ్డ పట్టాని వాపసు తీసుకోకుండా సాకులు చెబుతారు. అందుకని ముందు పాత యాక్సిల్స్ పక్కన కిట్‌ని బిగించకుండా పరిచి, రంధ్రాలు, పొడవులు స్కేలుతో కొలిచి, తేడా ఉంటే గడువులోగా తిప్పి పంపేయండి.